ఎద్దుల కొట్టంలో ఇరవై రెండు హెచ్‌పీ

ఆ ఎండాకాలం నాతో మాట్లాడటానికి వచ్చిన మగవాళ్ళందరూ రెండు నెమళ్ళతో మాట్లాడి వెళ్ళిపోయారు.

నెమళ్ళు దుప్పటి మీదవి. ఎద్దుల కొట్టానికీ వంటింటికీ మధ్యనున్న వాకిలికి మా అత్త జులేఖా బీ ఆ దుప్పటిని మేకులతో బిగించింది. మాలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటదు, పరాయి మగవాళ్ళ కంటపడదు. దాన్ని ఇద్దత్ అంటాం. ఫిబ్రవరి మొదట్లో మా ఆయన రబ్బానీ పత్తికొండ మార్కెట్లో టమాటా బాక్సులు దించి, టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, పక్కకు ఒరిగాడు. గుండె అన్నారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నేను పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు పెట్టాను. దాని వెనకే వేసవి సెలవులు కలిసొచ్చాయి.

మా ఇంటి కట్టడం గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు పాత రాతి ఇళ్ళల్లో వీధి తలుపు తీయగానే ఎద్దుల కొట్టం వస్తుంది. అది దాటితే వంటిల్లు, దాని వెనక పడకగది. ఎద్దులు ముందు, మనుషులు వెనక. బడికి వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా ఎద్దుల మొహం చూసి వెళ్ళాల్సిందే. ఆ ఎద్దుల్ని ఆయన కిందటేడు అమ్మేశాడు, చిన్న ట్రాక్టరు కొంటానని. కొనడానికి వీలుపడలేదు. మేత వేసే రాతిగాడి ఖాళీగా ఉంటే అందులో ఒక కోడి పొదిగేది.

కొట్టం వీధి ద్వారంలో ఆయన రోజూ పొద్దున రెండు చేతులూ చాపి నిలబడేవాడు. మణికట్లు రెండూ అటూ ఇటూ రాళ్ళకు ఆనేవి. నేను బ్యాగు తగిలించుకుని వచ్చేసరికి "టోల్‌గేటు" అనేవాడు. ఏదో ఒకటి చెల్లిస్తే తప్ప వదలడు. ఒక మంచి మాటో, ఒక తిట్టో, క్యారియర్లో నుంచి ఒక ముద్దో. లోపల్నుంచి అత్త అరిచేది. "దాన్ని పోనీరా, బస్సు పోతాది!"

ఆ ఏడు రంజాన్ పండుగ మా ఇంట్లో సేమ్యా లేకుండానే వెళ్ళిపోయింది. పండుగైన వారానికి మా ఆయన అన్న పీర్ బాషా, నాకు బావ, వచ్చి నెమళ్ళ ముందు కుర్చీ వేసుకున్నాడు.

"శిరీన్, ఇంటాండావా?"

"ఇంటాండా బావా."

"చేను సంగతి. ఎద్దులు లేవు, దున్నే మనిషి లేడు. మారెన్న గుత్తకు అడుగుతాండాడు, మూడేండ్లకు. ఇచ్చేస్తే మీకు తలనొప్పి ఉండదు."

"నా తల నొస్తాందని నీకెవరు చెప్పినార్రా?" అంది అత్త.

"అది కాదుమా. దున్నేదెట్ల?"

"ట్రాక్టరు తెస్తాం. వాడు తెస్తానన్నాడు, మేం తెస్తాం."

"తెస్తారు సరే, తోలేదెవరు?"

మాట అందనప్పుడు అత్త చెంగు దులుపుతుంది. దుప్పటి వెనక నాకు ఆ దులిపిన చప్పుడు వినిపించింది.

పీర్ బాషా చెడ్డవాడు కాదు. తమ్ముడి చేను బీడు పడితే ఊళ్ళో తలెత్తుకోలేనని ఆయన బాధ. కొంచెంసేపు ఆలోచించి అన్నాడు. "సరేమా. తొలకరి వానకు మీ ట్రాక్టరు చేన్లో దిగితే నేను నోరెత్తను. దిగకపోతే మారెన్న ఎద్దులు దిగుతాయి. ఇంక మల్లా మాట మార్చగూడదు."

"మార్చను. పో, టీ తాగి పో."

మూడేళ్ళ గుత్త అంటే మా ఊళ్ళో ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు. చేను ఎవరి చేతి కింద ఉంటే వాళ్ళ పేరుతోనే పిలుస్తారు. మాది ఎర్రనేల, సగం రాళ్ళే. పెళ్ళైన నాటి నుంచి ఆయన ఆ రాళ్ళు ఏరి గట్టు కట్టాడు. ఇప్పుడు అందరూ దాన్ని రబ్బానీ చేను అంటారు. నాకు అది మారెన్న చేను కావడం ఇష్టం లేదు. అత్తకూ అంతే.

ఆ మర్నాడే వంటింటి గోడ మీద సుద్దముక్కతో పట్టిక గీశాను. చిన్న డీజిల్ ట్రాక్టర్లు, ఎర్రది, కాషాయంది, నీలంది. ఫోనులో దొరికిన వివరాలన్నీ నింపాను. ఇంజిను బలం, సిలిండర్లు, బరువు, వెడల్పు, వెనక ఎత్తగలిగే బరువు, ట్యాంకు, మలుపు తిరగడానికి కావలసిన జాగా. రాత్రిళ్ళు నిద్ర రాకపోతే అంకెలు సరిచూసుకునేదాన్ని. అంకెలు మంచివి. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెబుతాయి, నా వైపు జాలిగా చూడవు.

అత్తకు చదువు రాదు. పట్టిక ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"దీంట్లో మొగం రాసినావా?"

"ఏం మొగం అత్తా?"

"బండి మొగం. ఎద్దును కొనేటప్పుడు మొగం చూడరా? రాయి, ఒక గడి గీసి."

గీశాను. చివర 'తోలేవారు' అని ఇంకో గడి నేనే గీశాను. అది మూడు ట్రాక్టర్లకూ ఖాళీగానే ఉండిపోయింది.

అంకెల ప్రకారం కాషాయంది మొదటి స్థానంలో ఉంది. ఆ షోరూముకు ఫోన్ చేశాను. అవతలి మనిషి అన్నీ ఓపికగా విని, "బండి ఇంటికి తేలేం మేడం. మీ ఇంట్లో మగవాళ్ళెవరినైనా పంపండి, చూపిస్తాం" అన్నాడు. అత్త ఫోను లాక్కుంది.

"మా ఇంట్లో ఉండింది ఒక్కడప్పా, వాడు పాయె. నీకు తీరిక దొరికితే నిన్ను నువ్వే పంపించుకో" అని పెట్టేసింది. కాషాయంది పట్టికలో మొదటి స్థానంలోనే ఉండి, మా గుమ్మం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఎర్రదాన్ని తీసుకొచ్చింది శివశంకర్ అనే సేల్స్ కుర్రవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. వీధిలో ట్రాక్టరు ఆపి, కొట్టంలోకి వచ్చి, ఎవరితో మాట్లాడాలో తెలియక అటూ ఇటూ చూశాడు. అత్త దుప్పటి చూపించింది. అతను ఎడమవైపు నెమలికి నమస్కారం పెట్టాడు. దుప్పటి సందులోంచి నాకు కనిపించింది.

"నమస్తే మేడం. ఇది ఇరవై నాలుగు హెచ్‌పీ. ఈ సైజు బండ్లల్లో దీన్ని మించింది లేదు."

"ఇంజినుదా, పీటీవోదా?"

అతను మెడలోని కార్డు సవరించుకున్నాడు.

"ఏమన్నారు మేడం?"

"ఇరవై నాలుగు ఇంజిను బలమా, వెనక తగిలించిన పనిముట్టును తిప్పే బలమా?"

అతను గొంతు తగ్గించి అత్తను అడిగాడు. "లోపల సార్ ఎవరన్నా ఉండారామ్మా?"

"మా కోడలు. లెక్కల టీచరు. చెప్పు, జవాబు చెప్పు. తెలీకుంటే తెలీదని చెప్పు, కొట్టదులే."

అతను జేబులోంచి కాగితం తీసి వెతికాడు. పీటీవో బలం పంతొమ్మిది అని తేలింది. ఆ తర్వాత నేను అడిగిన ప్రతిదానికీ కాగితం చూసి, చేతులు కట్టుకుని, నిలబడి చెప్పాడు. పదో తరగతిలో లెక్కలు ఎలా గట్టెక్కాడో ఊహించగలిగాను.

అత్త అడిగింది ఒకటే ప్రశ్న. "ఇది లోపలికి పడుతుందా?"

"ఎందులోకమ్మా?"

"ఈ కొట్టంలోకి. రాత్రి యాడ పండుకోవాల అది?"

"బయట రేకులేసి షెడ్డు కట్టుకోండమ్మా. అందరూ అట్లే చేస్తాండారు."

"బయటా!" అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఈ ఇంట్లో ఏ ఎద్దూ బయట పండుకోలేదప్పా. మా మామ కాలం నుంచీ లేదు. ఇంత దూరం నుంచి తెచ్చుకుని దాన్ని వీధిలో పండబెడితే చూసేటోళ్ళు ఏమంటారు?"

"ద్వారం ఎంత వెడల్పుందో చెప్పండమ్మా, బండి పడుతుందో లేదో చెప్తా."

"ఎంతంటే..." అని అత్త మామూలుగానే మొదలుపెట్టింది. "మా రబ్బానీ చేతులు చాపి నిలబడితే..." అంతవరకు అని ఆగిపోయింది. కోడి కదిలిన చప్పుడు వినిపించింది. నేను నా పెట్టెలోంచి టేపు తీసి దుప్పటి కింది నుంచి బయటికి దొర్లించాను. అత్త, శివశంకర్ ఇద్దరూ కలిసి కొలిచారు. ఎర్రది నాలుగు వేళ్ళు ఎక్కువైంది. పైగా దాని పొగగొట్టం నిలువుగా ఉంది, ద్వారబంధం మీది బండకు కొట్టుకుంటుంది.

అతను వెళ్ళాక అత్త తీర్పు చెప్పింది. "మొగం గూడా బాగలేదు. ఊరికే ఎవరినో తిట్టబోతాండట్లు ఉండాది. రాయి."

'మొహం: కోపం' అని రాశాను.

నీలంది మే నెల నడిమి ఎండలో వచ్చింది. తెచ్చిన మనిషి పేరు ఆంజనేయ. పత్తికొండ నుంచి స్వయంగా తోలుకొచ్చాడు, లావుపాటి మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. అతను నెమళ్ళను చూసి తడబడలేదు. శివశంకర్ దగ్గర ముందే విని వచ్చినట్టున్నాడు.

"మేడం, ఇంజిను ఇరవై రెండు, పీటీవో పద్దెనిమిది. మూడు సిలిండర్లు. నేను దాచేది ఏమీ లేదు. మీరు సౌండు వినండి, ఎంత నున్నగా ఉండాదో. ఆపను, వింటానే ఉండండి."

వింటూనే ఉన్నాం. అతను మాట్లాడుతూ ఉన్నంతసేపూ వీధిలో ఇంజిను ఆడుతూనే ఉంది. బరువు చెప్పాడు, బ్రేకులు చెప్పాడు, తుగ్గలి దగ్గర ఎవరో టమాటా సాళ్ళ మధ్య ఆకు నలగకుండా దున్నిన సంగతి చెప్పాడు. అత్త మజ్జిగ ఇచ్చింది. తాగి మళ్ళీ చెప్పాడు.

"అదంతా సరేప్పా. కొట్టంలోకి పడుతుందా?"

"పడుతుందామ్మా అని అడగొద్దు. చూడండి."

నేను "వద్దు, ముందు కొలవండి" అనేలోపే అతను వెళ్ళి బండెక్కాడు. వీధిలో జనం పోగయ్యారు. నేను సందులోంచి చూస్తున్నాను. ముందు నీలం ముట్టె లోపలికి వచ్చింది, తర్వాత చక్రాలు, తర్వాత తల వంచుకుని ఆంజనేయ. ట్రాక్టరు మొత్తం కొట్టంలోకి వచ్చి, ఎద్దులు నిలబడే చోట నిలబడింది. ముట్టె సరిగ్గా గాడికి ఎదురుగా ఉంది. వీధిలో ఎవరో ఈల వేశారు.

"చూసినారా మేడం! రెండు పక్కలా బెత్తెడు మిగిలింది!"

"చూశాను. గంటకు డీజిలు ఎంత తాగుతుంది?" అన్నాను. పట్టికలో ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది.

"పని చేస్తాంటే రెండు లీటర్లు, అంతే మేడం."

"మీ షోరూము వాళ్ళు ఎంత పోసి పంపారు?"

"చూపించుకుని వచ్చేదానికే కదా మేడం. రెండు లీటర్లు."

"పత్తికొండ నుంచి ఎంతసేపు వచ్చారు?"

"గంటకు దగ్గర దగ్గర..."

"ఇక్కడికొచ్చాక ఆపకుండా ఇంకో గంట. మరి ఇప్పటికే అయిపోయి ఉండాలి కదా?"

ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆంజనేయ స్టీరింగు వదిలి నెమళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత ఊళ్ళో అందరికీ చెప్పాడట, ఆ టీచరమ్మ నోటి మాటకే బండి ఆగిపోయిందని.

దిగడం ఇంకో కష్టమైంది. అవతలి పక్క గోడ, ఇవతలి పక్క నా వాకిలి. గాలికి దుప్పటి ఊగుతోంది. అత్త కేక వేసింది. "కండ్లు మూసుకోప్పా! కండ్లు మూసుకుని దిగు! లోపల మా పిల్ల ఉండాది!"

పాపం అతను మర్యాదస్తుడు. గట్టిగా కళ్ళు మూసుకుని దిగాడు. బానెట్టు తడుముకుంటూ ముందుకు నడిచి, గాడిలోకి దిగాడు. కోడి అరుపుతో వీధిలోని జనం కూడా వెనక్కి జరిగారు. కోడికి ఏమీ కాలేదు. గుడ్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

"పొదుగుతాండె కదప్పా!" అంది అత్త. "ఇంకో వారం ఉంటే పిల్లలయ్యేవి."

"డీజిలు తెచ్చి తీసుకుపోతామ్మా. గుడ్లకు కూడా..."

"నువ్వు గుడ్లు పెడతావా? తాళంచెవి ఈడ పెట్టి పో. మల్లా వస్తావని నాకేం నమ్మకం?"

ట్రాక్టరును వెనక్కి నెట్టి చూశారు గానీ గడప దగ్గరి రాతి మిట్ట ఎక్కలేదు. ఆంజనేయ బస్సుకు వెళ్ళిపోయాడు. డీజిలుకు మేనేజరు సంతకం కావాలట. మేనేజరు తిరుపతి వెళ్ళాడట. ట్రాక్టరు మా ఇంట్లోనే ఉండిపోయింది.

వీధి తలుపు గడియ పడ్డాక నేను దుప్పటి తొలగించి బయటికి వచ్చాను. అప్పటిదాకా అంకెలుగా తెలిసిన వస్తువు కొట్టం నిండా నిలబడి ఉంది. ఇంకా వేడిగా ఉంది. ఆయన ఎప్పుడూ గడ్డి చీపురు తగిలించే మేకు కింద, ఎడమ ఎద్దు నిలబడే చోట, దాని పెద్ద చక్రం ఉంది. చుట్టూ తిరిగి పట్టికలోని ప్రతి గడినీ కళ్ళతో సరిచూశాను. పట్టికలో లేనిది సీటు ఒక్కటే. ఎక్కాను.

ఎందుకు ఎక్కావంటే చెప్పలేను. మా బడి పిల్లలు కూడా అలాగే చెప్పలేక నన్ను చూస్తారు, బెంచీ ఎందుకు ఎక్కావని నేను అడిగినప్పుడు.

ఎడమ కాలు చాచాను. క్లచ్చు అందింది. చివరిదాకా తొక్కాను.

అత్త వంటింటి వాకిట్లో చేట పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలీదు.

"కాలు అందుతాందా?"

"అందుతాంది."

"ఆ సంగతి వాళ్ళ కాగితంలో రాసినారా?"

"రాయలేదత్తా."

"పనికొచ్చేదొక్కటీ రాయరు" అని అత్త చేటలో బియ్యం చెరుగుతూ లోపలికి పోయింది. కొంచెంసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. "ఇల్లు దాటలేదు కదా నువ్వు. కొట్టం మన ఇల్లే. కూర్చో, ఎంతసేపైనా కూర్చో."

మేనేజరు తిరుపతి నుంచి వచ్చేలోపు నాకు గేర్లన్నీ తెలిశాయి.

ఆంజనేయ క్యాను మోసుకుని వచ్చి డీజిలు పోశాడు. తాళం తిప్పాడు. పలకలేదు. ఇంకా తిప్పాడు. చొక్కా తడిసిపోయింది. పూర్తిగా ఎండిన డీజిల్ ఇంజిన్లో గాలి దూరుతుందని, ఫిల్టరు దగ్గరి మర కొంచెం వదులు చేసి, చేతి పంపుతో కొట్టి బుడగలు పోగొట్టాలని బండి వెంట ఉన్న పుస్తకంలో ఉంది. సీటు కింద దొరికిన ఆ పుస్తకం అప్పటికి రెండుసార్లు చదివాను. దుప్పటి వెనక నుంచి డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో వాక్యం చదివాను. అతను ఒక్కో వాక్యం చేశాడు. ఇంజిను పలికింది.

"తీసుకుపోతా మేడం, ఇంక మీకు ఇబ్బంది పెట్టను" అన్నాడు.

"యాడికి తీసుకుపోతావు?" అంది అత్త. "ఉండనీ."

పట్టిక ప్రకారం నీలంది మూడో స్థానంలో ఉంది. లెక్కల టీచరుగా నాకు కొంచెం ఇబ్బందిగానే ఉండింది. ఆ మాట అంటే అత్త నన్ను వింతగా చూసింది. "మొదటిది రాలేదు. రెండోది పట్టలేదు. ఇది వచ్చి ఇంట్లో కూర్చున్నది. ఇంట్లోకి వచ్చి కూర్చున్నదాన్ని లెయ్యి పో అని ఎట్లంటాం?" 'మొహం' గడిలో ఏం రాయమంటావని అడిగాను. "నవ్వుతాండాది. పండ్లు శానా ఉండాయి" అంది.

అప్పు కాగితాల సంగతి వదిలేస్తాను. అవి అందరివీ ఒకేలా ఉంటాయి.

ఆ తర్వాత రోజూ తెల్లవారగానే వీధి తలుపు కొద్దిగా తెరిచి, పొగ పోవడానికి పెరటి తలుపూ తెరిచి, నేను ఇంజిను స్టార్టు చేసేదాన్ని. గాడి దాకా ముందుకు, గడప దాకా వెనక్కి. మళ్ళీ గాడి దాకా ముందుకు. కొట్టంలో అంతకంటే జాగా లేదు. అత్త గాడి పక్కన నిలబడి "అంతే, అంతే, ఆపు!" అనేది. మొదటి రోజు ఆపలేకపోయాను. గాడి అంచు విరిగింది. కోడి ఆ పూటే పొయ్యి వెనక్కి కాపురం మార్చింది.

ఊళ్ళో వాళ్ళకు మాత్రం రోజూ మా ఇంట్లోంచి ఇంజిను చప్పుడు వినిపిస్తుంది, బయటికి మాత్రం ఏదీ రాదు. ఒక రోజు ఎదురింటి భీమమ్మ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"జులేకమ్మా, పిండిమర పెట్టినారంట కదా. ఇవి ఆడించి ఇయ్యి."

"పిండిమర ఎవరు పెట్టినారు భీమమ్మా?"

"రోజూ తిప్పుతాండారు కదా! మాకు చెప్పకుండా ఎవరి పిండి ఆడిస్తాండారు మీరు?"

అత్త ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. పిండి నున్నగా రావాలా, రవ్వగా కావాలా అని అత్త వాళ్ళను అడగడం విని నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అది నవ్వేనని కొంచెంసేపటి దాకా నాకు తెలియలేదు. ఫిబ్రవరి తర్వాత అదే మొదలు.

పీర్ బాషా కూడా వచ్చాడు. ట్రాక్టరు చుట్టూ తిరిగి, టైరు తన్ని చూసి, ఒప్పుకున్నాడు. "బాగుండాది. తోలేటోడు దొరికినాడా మరి?"

"దొరికినారు" అంది అత్త.

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

"నాకు తెలీకుండా ఈ ఊళ్ళో డ్రైవరు ఎవరుమా? జీతం ఎంత అడుగుతాండాడు?"

"జీతం మనం ఇయ్యాల్సిన పన్లేదు. గవర్నమెంటు ఇస్తాది."

"గవర్నమెంటా?" పీర్ బాషా దుప్పటి వైపు తిరిగాడు. "శిరీన్, ఎవరు? ఆర్టీసీ మనిషా?"

"కాదు బావా. విద్యాశాఖ" అన్నాను.

ఆయన ఆ పూటంతా బడి అటెండరు మీద అనుమానంతో తిరిగాడని తర్వాత తెలిసింది.

వాన ముందొచ్చేసింది. ఇద్దత్ ముగియడానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం పెద్ద వాన కొట్టింది. తెల్లారేసరికి మారెన్న మా వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మంచి సేద్యగాడు, నిదానస్తుడు.

"జులేకమ్మా, మీ చేను చూసొచ్చినా. పదును బాగుండాది. ఎర్రనేల కదా, నాలుగు ఎండలు కొడితే మల్లా రాయే. ఏమంటావు?"

"టీ తాగు" అంది అత్త.

ఆ రోజు తాగాడు. మర్నాడు కూడా వచ్చి తాగాడు. వీధి గోడకు కొత్త గొర్రు, ట్రాక్టరు వెనక తగిలించేది, ఆనించి ఉంది. మారెన్న టీ తాగుతూ దాని పళ్ళు ఒక్కొక్కటే వేలితో తట్టేవాడు.

సంగతి మసీదు దాకా పోయింది. అక్కడ నమాజు చేయించే హజ్రత్ మంచి మనిషి. బతుకుతెరువు పని అయితే పగటిపూట పోయి రావచ్చు, తప్పేమీ లేదని కబురు పంపారు. అత్త ఆ కబురు చెప్పి నా మొహం చూస్తూ నిలబడింది. బయట ఎండ కాస్తోంది. అక్కడ చేను ఆరిపోతోందని ఇద్దరికీ తెలుసు.

"మిగిలిన రోజులు గూడా కూర్చుంటానత్తా" అన్నాను.

ఆయన విషయంలో సగంలో ఆగిపోయినవే అన్నీ. ఇదొక్కటి నిండుగా ఉండనీ అనిపించింది. అత్త బయటికి పోయి మారెన్నకు ఇంకో గ్లాసు టీ ఇచ్చింది.

"ఎన్ని తాగించినా చేను ఆగదు జులేకమ్మా" అన్నాడు మారెన్న.

"నువ్వు ఆగుతావు కదా. చాలు."

చివరి రోజు పొద్దు మునిగాక స్నానం చేసి నమాజు చేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే పీర్ బాషా ఆటో తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. ఇద్దత్ ముగిసిన మనిషిని ముందు పుట్టింటికి తీసుకుపోవడం మా ఇళ్ళల్లో వాడుక. భీమమ్మా, ఇంకొందరు ఆడవాళ్ళూ నన్ను చూడాలని వచ్చారు. మారెన్న ఎద్దుల్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. నేలలో దున్నడానికి తగిన తడి, ఆ పదును, ఉండేది అదే ఆఖరి రోజు.

నేను దుప్పటి మేకులు పీకి, మడిచి, పెట్టెలో పెట్టాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, పాత తువ్వాలు తలకు చుట్టుకున్నాను. అత్త రెండు తలుపులూ బార్లా తీసి వీధిలోకి వెళ్ళి నిలబడింది.

"ఆటో తియ్యిరా పీరూ."

"ఎందుకుమా? శిరీన్ వస్తాంది కదా, ఎక్కించుకుని..."

"వస్తాంది. నువ్వు ఆటో తియ్యి ముందు. మారెన్నా, నీ ఎద్దుల్ని అట్ల పట్టుకో. భీమమ్మా, నువ్వు జరుగు, పిండి ఆడేది చూద్దువు!"

తాళం తిప్పాను. రివర్సు గేరు వేసి, వెనక్కి చూస్తూ క్లచ్చు మెల్లగా వదిలాను. "రానీ, రానీ, రానీ" అని అత్త ట్రాక్టరు వెనక బస్సు క్లీనరులాగా చేతులు ఊపుతూ నడుస్తోంది. మిట్ట మీద చక్రం ఎక్కి దిగింది. వెలుతురు ఒక్కసారిగా కళ్ళలోకి కొట్టింది. పీర్ బాషా ఆటో హ్యాండిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"విద్యాశాఖ" అన్నాడు చివరికి, తనలో తనే.

మారెన్న ఎద్దుల పగ్గాలు భీమమ్మ చేతిలో పెట్టి, గోడకు ఆనించిన గొర్రును ఈడ్చుకొచ్చి, పిన్నులు దూర్చి తగిలించాడు. ఒకసారి ఊపి చూశాడు. "మొదటి సాలు గట్టు పక్కన పెట్టు టీచరమ్మా. వంకర పోయినా కనపడదు" అన్నాడు.

సరేనన్నాను. వెనక్కి చూడటం మాని ముందుకు తిరిగాను.

వెనక్కి వచ్చినందువల్ల ఇల్లు నాకు ఎదురుగా ఉంది. రెండు పక్కలా రాళ్ళు, మధ్యలో ఖాళీ ద్వారం. లోపల కొట్టం, విరిగిన గాడి అంచు, పొయ్యి వెనక నుంచి అప్పుడే తిరిగి వచ్చిన కోడి. ద్వారానికి అడ్డంగా ఎవరూ లేరు. క్లచ్చు తొక్కి పట్టుకుని ఉన్నాను. ఇంజిను ఆడుతోంది. గేరు మార్చాలని తెలుసు. చెయ్యి రాలేదు.

"ఏమైందిమా?" పీర్ బాషా కంగారుగా అడిగాడు. "ఆగిపాయనా బండి?"

అత్త నా వైపు చూసింది, ద్వారం వైపు చూసింది.

"ఆగలేదులేరా. టోల్‌గేటు కాడ ఎవరైనా ఒక నిమిషం నిలబడాల కదా" అంది. తర్వాత చేత్తో బండి మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు వేసింది. "ఇంక పోనీ శిరీనూ. పదును పోతాది."

స్టీరింగు చేను దారి వైపు తిప్పి, మొదటి గేరు వేశాను.